కొంగుముడిలో తాళంచెవి

"తాళంచెవి ఇవ్వండమ్మా. లారీ ఎప్పుడో వచ్చింది."

స్విచ్ గది గుమ్మానికి అడ్డంగా వేసుకున్న స్టూలు మీంచి రుక్మవ్వ కదలలేదు. కొంగుముడిని గుప్పిట్లో బిగించింది.

"పరమేశ్వర్ దిగలే సారు. గాయనిచ్చిండు, గాయనకే ఇస్త."

బోధన్ దగ్గరి ఆ రైస్ మిల్లులో ఉమామహేష్ కొత్త సూపర్‌వైజరు. మోటారు బాగుచేయడానికి ఎక్కేవాడు మెయిన్ స్విచ్‌కు తాళం వేసి, చెవి రుక్మవ్వకు అప్పజెప్పాలని అతనికి చెప్పారు. ఆమె ఇదివరకు ఆ గది ఊడ్చేదనీ చెప్పారు. ఇంత మొండిదని మాత్రం చెప్పలేదు.

"అతనున్నది ఎలివేటరు మోటారు దగ్గర. నేను పక్క లైనే వేస్తాను."

"ఏది ఏదో తెలిసే ఏస్తరా సారు? పెద్దోళ్ళు ఎయ్యమంటరు, ఎవలో ఒకలు ఏస్తరు." పైకి చూసి కేకేసింది. "పరమేశూ, చేతులకు తొడుగులున్నయా?"

"ఉన్నయే అవ్వా, ఎన్నిసార్లు అడుగుతవ్!"

ఉమామహేష్ చెమట తుడుచుకున్నాడు. ఆమె భుజం పక్కనే ఫ్యాను స్విచ్. దానికి కరెంటు ఆఫీసు లైను నుంచి వస్తుంది, ఈ మెయిన్‌తో సంబంధం లేదు.

"కనీసం ఆ ఫ్యానైనా వేయండి."

"మీరేసుకోండి సారు," అంటూ ఆమె ముఖం తిప్పుకుంది.

అతనికి ఒళ్ళు మండింది. "రేపట్నుంచి మళ్ళీ చీపురే పట్టుకోండి. ఈ స్టూలు అక్కర్లేదు."

"గట్లనే. గాయన దిగినంక పోత."

"పైనున్నది మీ అబ్బాయా?"

"ఔ సారు. ఎక్కినోడు నా కొడుకే."

అన్నం వేళ హమాలీలంతా గుంపుగా కూర్చుని నవ్వుకుంటున్నారు. రుక్మవ్వ స్టూలు మీదే, గోడవైపు తిరిగి, ఒక్కతే తిన్నది.

పరమేశ్వర్ దిగాక అతని చేతులు రెండూ పట్టుకుని, వేలు వేలూ తడిమి చూసింది. అప్పుడు ముడి విప్పి చెవి ఇచ్చి, గిన్నె కడుక్కోవడానికి నల్లా దగ్గరికి నడిచింది.

"మీ అమ్మతో వేగడం కష్టమయ్యా," అన్నాడు ఉమామహేష్.

"మా అమ్మ చందూర్‌ల ఉంటది సార్. ఈమె కొడుకు శ్రావణ్ నా కంటె ముందు గీ పని చేసేటోడు. మోటారు విప్పి చేతులు పెట్టిండు, కరెంటొచ్చింది, పానం పోయింది. గప్పట్నుంచే గీ తాళం."

ఉమామహేష్ గొంతు తగ్గింది. "పైన మనిషున్నాడని చూసుకోకుండా స్విచ్ వేసినవాణ్ణి ఏం చేశారు?"

పరమేశ్వర్ నల్లా వైపు చూశాడు.

"ఏసింది అవ్వనే సార్."