గిజిగాడికి దక్కిన కొమ్మ

పాముల బెడద పడలేక చెరువు దాటి ఇవతలి తోపుకు వచ్చాడు గిజిగాడు. తోపుకి పెద్దయిన కొంగ షరతు పెట్టింది.

"మా పిట్టలకు గూళ్లు అల్లిపెట్టు. అవి వానాకాలమంతా నిలిస్తే ఒక కొమ్మ ఎప్పటికీ నీదే. మళ్లీ చెరువు దాటావో, కొమ్మ పోయినట్టే."

గిజిగాడు ముక్కు అరిగేలా అల్లాడు. వానలు వెళ్లాయి, ఒక్క గూడూ రాలలేదు.

"ఇక నువ్వు మావాడివేనయ్యా!" అంది కొంగ.

తన కొమ్మకు సగం గూడు అల్లి ఆగాడు. ఆడపిట్ట వచ్చి చూసి మెచ్చుకుంటేనే మిగతాది అల్లడం గిజిగాళ్ల ఆచారం. రెక్కలాడిస్తూ పిలిచాడు.

"ఎంత బాగా పాడుతున్నాడో!" అని మురిసిపోయింది గోరింక.

గొంతు బొంగురుపోయేదాకా పిలిచాడు. చివరికి చెరువు అవతలి నుంచి సన్నగా గిజిగాళ్ల ఆడపిట్ట ఒకటి బదులు పలికింది.

రెక్కలు విప్పాడు. కొమ్మ వైపు చూసుకున్నాడు. మెల్లగా రెక్కలు ముడుచుకుని సగం గూట్లో కూర్చున్నాడు.