ఐవీ సమాధి

“మా అక్క నన్నెప్పుడైనా తలుచుకునేదా అండీ?” టీ ముట్టకుండానే అడిగాడు క్లిఫర్డ్.

కేక్ కోస్తున్న మర్టిల్ చెయ్యి ఆగింది. లండన్ నుంచి వచ్చిన ఈ ముసలాయన గుమ్మంలో నిలబడి పేరు చెప్పినప్పటి నుంచి ఆమెకి చేస్తున్న పని మీద ధ్యాస లేదు. చచ్చాడనుకున్న మనిషి తలుపు కొడితే ఎవరికి మాత్రం ఉంటుంది!

“తలుచుకోని రోజు లేదు. బాంబు పడి మీ ఇల్లు కూలిందని కబురొచ్చాక అన్నం మానేసింది. నువ్వూ పోయావనే అనుకున్నాం నాయనా.”

“ఆ రాత్రి నేను పిన్ని ఇంట్లో ఉన్నాను. అమ్మా నాన్నా పోయారు. అక్కేమో నార్ఫోక్ తీరాన ఎక్కడో నీళ్లలో పడి పోయిందన్నారు. ఊరి పేరు దొరికేసరికి ఇదిగో, తల నెరిసింది. ఎలా పోయిందో తెలియకుండా నేను పోలేనండీ. దాచకుండా చెప్పండి.”

యుద్ధం రోజుల్లో లండన్ పిల్లల్ని పల్లెలకు పంపినప్పుడు తొమ్మిదేళ్ల ఐవీ ఈ ఇంటికి వచ్చింది. సముద్రం మొగుణ్ణి మింగేసిన ఇల్లాలు, ఆమె ఒక్కగానొక్క కూతురు మర్టిలూ అప్పుడు ఇక్కడ ఉండేవారు. ఆ కూతురిదీ ఐవీ ఈడే.

“ఇద్దరం గుల్లలేరడానికి వెళ్లాం,” అంది మర్టిల్. “ఉన్నట్టుండి పొగమంచు కమ్మేసింది. సముద్రానికి పోటు మొదలైంది. అలాంటప్పుడు ఇక్కడ ఏ ఇంటి తల్లి ఆ ఇంటి చప్పుడు చేస్తుంది. ఒకరు గంట కొడతారు, ఒకరు కొమ్ము ఊదుతారు. అమ్మ ఇత్తడి మూకుడు వాయించేది. అది వింటూ నడిస్తే ఇల్లు చేరతాం.”

“అక్కకి ఆ చప్పుడు తెలీదా?”

“ఎందుకు తెలీదూ? ఏడాదిగా వింటున్నదేగా. బుట్ట మర్చిపోయామని ఒకరం వెనక్కి వెళ్లాం. ఒకరం ఇంటికి వచ్చాం.” ఆమె కత్తి పక్కన పెట్టింది. “మంచులో మొహం కనబడదు. చేతికందిన పిల్లని గుండెకి హత్తుకుని, ‘మర్టిల్, వచ్చావా నా తల్లీ’ అని అమ్మ ఒకటే ఏడుపు.”

“మీరేమన్నారు?”

“ఏమంటాను? నోరు పెగల్లేదు.”

మర్టిల్ కేక్ ముక్క అతని ముందుకు జరిపింది.

“శవం ఒడ్డుకొచ్చాక అమ్మే చూసి, లండన్ పిల్ల అంది. నీళ్లలో పోయినవాళ్ల పేరు ఆ ఇంటి ఆడమనిషే చెప్పాలి మా ఊళ్లో. ఆవిడ చెప్పాక పాదిరీ అయినా సరే మారుమాట అనడు. అందరూ తలలొంచుకుని పాతిపెట్టారు.”

“ఊరికి మా అక్కంటే అంత జాలా?”

“అమ్మంటే జాలి,” అంది మర్టిల్. “ఇప్పటికీ మంచు పడితే ఆ పిల్ల వస్తుంది. కిటికీ దగ్గర నిలబడి నా మంచం వైపే చూస్తుంది.”

“దేనికీ?”

“తనది తనకిచ్చెయ్యమని కాబోలు.”

క్లిఫర్డ్ నొచ్చుకున్నాడు. “మా అక్క అలాంటిది కాదండీ. ఎవరినీ పీడించదు.”

మర్టిల్ నోటిదాకా వచ్చిన మాటని మింగేసింది. ఈ ఇంటి మాట గడప దాటనివ్వనని పోయేముందు అమ్మ ఒట్టు వేయించుకుంది. కన్నబిడ్డ పోయిందని ఒక్కనాడూ ఒప్పుకోకుండానే వెళ్లిపోయిన మనిషి ఆవిడ. ఆ ఒట్టు ఇన్నేళ్లూ బరువనిపించలేదు. ఈ పూట ఊపిరాడనివ్వడం లేదు.

“పద, చూపిస్తాను,” అని కోటు తొడుక్కుంది.

చర్చి గోడ వారన ఐవీ పేరున్న రాయికి నాచు పట్టింది. క్లిఫర్డ్ మోకాళ్ల మీద కూలబడి గోళ్లతో నాచు గీకాడు.

“అక్కా! ఆలస్యమైపోయిందే. కోప్పడకే. ఒక్కసారి పలకవే!” అంటూ పసివాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

వెనక నిలబడ్డ మర్టిల్ చెయ్యి అతని భుజం దాకా వెళ్లి ఆగిపోయింది.

రాయి కింద ఉన్నది మర్టిల్. ఆ చెయ్యి ఐవీది.