ఎర్ర దారం సీసా

"మళ్ళీ చెప్తున్నానమ్మా, ఒకరి సీసా ఇంకొకరికి పొయ్యొద్దు," అంది నర్సు. "ఒకదాంట్లో మందు ఉండొచ్చు, ఒకదాంట్లో ఉత్త తీపి నీళ్ళు ఉండొచ్చు. ఎందులో ఏముందో మాకూ తెలీదు, డాక్టరుగారికీ తెలీదు. పరిశోధన అంటే అంతే."

"ఒక్క కడుపున పుట్టిన అక్కాచెల్లెళ్ళు కదమ్మా..." అంది తల్లి.

"అయినా ఎవరి సీసా వాళ్ళదే."

డాక్టరు తల పైకెత్తాడు. "మరీ ఆశ పెట్టుకోకండి. ఈ మందు పోయిన బలాన్ని తేదు. ఉన్నది జారిపోకుండా ఆపితే అదే పదివేలు."

ఆ మాట తల్లి చెవిన పడిందిగానీ మనసున పడలేదు. మందంటే బాగుచెయ్యాలి కదా!

రెండు సీసాలూ కవలల్లా ఉన్నాయి. ఇంటికి రాగానే తల్లి గుర్తుకోసం పెద్ద కూతురి సీసా మెడకు ఎర్ర దారం కట్టింది.

ఈ నరాల జబ్బు పిల్లలకు తండ్రి నుంచి వచ్చింది. ముందు పాదాలు వేలాడతాయి. తర్వాత వేళ్ళు పట్టు వదులుతాయి. ఒకప్పుడు అతను పేరున్న దర్జీ. ఇప్పుడు సూదిలో దారం ఎక్కించాలంటే భార్యను పిలవాలి. "ఆస్తి ఇవ్వలేకపోయినా, కాళ్ళు మాత్రం ఇద్దరికీ సమానంగా పంచానే," అని నవ్వేవాడు. ఆమెకు నవ్వు వచ్చేది కాదు.

నెలలు గడిచాయి. ఆస్పత్రిలో కొలతలు తీసుకునేవాళ్ళేగానీ పైకి చెప్పేవాళ్ళు కాదు. ఇక ఆమె కళ్ళే కొలబద్దలు.

ఒకరోజు వంటింటి గుమ్మంలో, పరదా పక్కన నిలబడి పెద్దది కేకేసింది. "అమ్మా, ఇటు చూడు!"

ఒంటికాలి మీద నిలబడింది! తొణకలేదు, బెణకలేదు.

తల్లి చేతిలో గరిటె జారిపోయింది. "దించవే కాలు, నా దిష్టే తగిలేలా ఉంది!"

అప్పట్నుంచి రోజూ అక్కడే, అదే ఆట. కొత్త బూట్ల ముందుభాగం అప్పుడే అరిగిపోతే, "ఎక్కడ గంతులేస్తున్నావే!" అని తల్లి మురిసిపోయింది. మోకాళ్ళ మీద దెబ్బలేమిటంటే, "ఆటల్లోలే అమ్మా," అనేది పెద్దది.

చిన్నది మాత్రం ఎక్కడున్నది అక్కడే. ఎప్పట్లాగే కమ్మీ పట్టుకుని మెట్లు ఎక్కేది. ఎప్పట్లాగే గుండీలతో కుస్తీ పట్టేది. "నా మందు మంచిది కాదా అమ్మా?" అని అడిగింది ఓ పొద్దున.

ఆ మాట ముల్లులా దిగింది. పెద్దది నిలదొక్కుకుంది. మరి దీని గతి? రెండు కళ్ళలో ఏది కావాలంటే ఏ తల్లి చెప్పగలదు? ఆమె చెప్పింది. ఎర్ర దారం విప్పి రెండో సీసాకు కట్టింది. కొత్త సీసాలు వచ్చినప్పుడల్లా అలాగే తారుమారుగా కట్టింది.

నర్సుతో చెప్పేద్దామా అనిపించేది. చెప్తే పరిశోధనలోంచి ఇద్దర్నీ తీసేస్తారు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది.

పెద్దదాని నోటికి చెంచా అందించేటప్పుడు చెయ్యి వణికేది.

"ఏంటమ్మా, నాన్న జబ్బు నీక్కూడా అంటిందా?" అని పెద్దది ఎగతాళి చేసేది.

కానీ చిన్నది కోలుకోలేదు. కమ్మీ పట్టుకుని ఎక్కే మెట్లు కూడా ఎక్కలేకపోయింది. ఆస్పత్రిలో నేల మీది గీత వెంబడి నడవమంటే నాలుగడుగులైనా వెయ్యకుండానే కూలబడింది. నర్సు ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళింది.

బయట బల్ల మీద తల్లి పెద్దదాని చేతులు పట్టుకుని భోరుమంది.

"నీకు అన్యాయం చేశానే. నిన్ను నిలబెట్టిన మందు లాక్కుని చెల్లికి పోశాను. దాని సీసా నీకు పోశాను. అయినా దానికి పట్టలేదు. ఇద్దరికీ కాకుండా పోయాను..."

పెద్దది బిక్కచచ్చిపోయింది. చెల్లి వెళ్ళిన గది వైపు చూసింది.

"నాకెప్పుడూ బాగవలేదమ్మా... నువ్వు ఏడవకుండా ఉంటావని, పరదా వెనక చేత్తో తలుపు గడియ పట్టుకుని నిలబడేదాన్ని."