సంఘం ఇచ్చిన తెల్లచీర

విమలమ్మ చర్చిలోకి అడుగు పెట్టేసరికి పాట తడబడింది.

అది బల్ల ఆదివారం, ప్రభువు పేరిట రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు. ప్రభువు బల్లలో చేయి వేసే ఆడవాళ్లంతా తెల్లచీరలు కట్టుకొని, తలల మీద కొంగులు కప్పుకొని, బోసి చేతులతో చాపల మీద కూర్చున్నారు. వాళ్ల మధ్యకు విమలమ్మ ఎర్రచీరలో వచ్చింది. చేతుల నిండా గాజులు. జడలో కనకాంబరాలు.

సంఘ పెద్ద స్వామిదాసు రొట్టె పళ్లాన్ని ఆమె ముందు ఆపకుండా దాటించాడు.

ఆలూరు సంఘంలో ఆ నియమం కొత్తది. స్వామిదాసు పెద్ద అయ్యాక, ఆ వానాకాలమే పెట్టాడు. బల్లకు వచ్చే ఆడది తెల్లచీరే కట్టాలి. గాజులు, పువ్వులు, నగలు ఇంట్లోనే విడిచి రావాలి. అలవాటు లేని ముసలమ్మలు కూడా సర్దుకున్నారు. విమలమ్మ ఒక్కతే మాట వినడం లేదు.

పోనీ, ఆమె ముందు నుంచీ సోకులు పడే మనిషా అంటే కాదు. పొలం పనికి పోయే చేతులకు అటు రెండు, ఇటు రెండు గాజులుండేవి, అంతే. భర్త బాల్‌రాజ్ పట్నంలో కట్టెల అడితిలో పనిచేసేవాడు. ఆ ఏడాది, అరవైతొమ్మిదిలో, తెలంగాణ కోసం పట్నమంతా అట్టుడికిపోతుంటే అతనూ ఊరేగింపుల్లో తిరిగాడు. పోలీసు కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. మొయినాబాద్ మీదుగా వచ్చే బస్సులు ఆగిపోయాయి. బాల్‌రాజ్ కబురు తెలియలేదు. బస్సులు మళ్లీ నడవగానే విమలమ్మ ఒంటరిగా వెళ్లి, కొన్నాళ్లుండి తిరిగి వచ్చింది.

"జైల్ల పెట్టిన్రు. ఇడిసిపెట్టంగనె వస్తడు" అని అత్త కౌసల్యమ్మకు చెప్పింది. అడిగిన వాళ్లందరికీ అదే చెప్పింది. ఎందరినో పట్టుకుపోయిన రోజులు. ఎవరికీ వింతగా తోచలేదు.

వింతగా తోచింది ఆ తర్వాతే. మరుసటి వారం చేవెళ్ల అంగడికి పోయి ఆమె చేతుల నిండా గాజులు వేయించుకొచ్చింది. అప్పట్నుంచి రోజూ రంగుచీర, తలలో పువ్వు.

"మొగడు జైల్ల గంజి తాగుతుంటె ఈమె సింగారం ఎవని కోసమో" అన్నారు నీళ్ల దగ్గర ఆడవాళ్లు. ఆ మాట విమలమ్మ చెవిన పడింది. బిందె ఎత్తుకొని వెళ్లిపోయింది.

ఆరాధన అయ్యాక స్వామిదాసు ఆమెను వరండాలో నిలబెట్టాడు. పక్కన అతని భార్య శాంతమ్మ.

"ఏందమ్మా ఈ వేషం? అత్త చూస్తె గుండె జబ్బుతోని మంచంల పడ్డది. నీకు గాజులు, పూలు కావల్సొచ్చినయా?"

"నేను గిట్లుంటెనె మా అత్తకు ఇష్టం అయ్యా."

"దేవునికి ఇష్టముండద్దా?"

"నేనెట్లున్ననో ఆయనకు తెలుసు."

ఆ జవాబు స్వామిదాసుకు పొగరుగా వినిపించింది. గొంతు పెంచలేదు. ఇంకా తగ్గించాడు.

"మాట వినకుంటె మీ ఇల్లు సంఘంల ఉండది. రేపు మీ అత్త కన్ను మూస్తె మన సమాధుల తోటల జాగ దొరకది. చూసుకో."

విమలమ్మ స్తంభం పట్టుకుంది. మామ సమాధి ఆ తోటలోనే ఉంది. ఆయన పక్కనే తననూ పెట్టమని కౌసల్యమ్మ రోజుకోసారైనా చెబుతుంది. దవాఖాన డాక్టరేమో ఆమె గుండె ఏ చిన్న దెబ్బకూ తట్టుకోదన్నాడు.

"జర ఆగుండ్రి అయ్యా. అత్తకు నయమైనంక మీరు చెప్పినట్లె చేస్త."

"నయమయ్యేదాక దేవుడు ఆగాల్నా?" అంది శాంతమ్మ. "చీరె లేదని ఫికర్ పడకు. నా చీరె ఒకటి ఇస్త. ఇయ్యాల్నే మీ ఇంటికొస్తం."

అన్నట్టుగానే మధ్యాహ్నం నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకొని వచ్చింది. చేతిలో ఉతికి మడిచిన తెల్లచీర. ముందు గదిలో కౌసల్యమ్మ నిద్రపోతోంది. అందరూ చప్పుడు కాకుండా పెరట్లోకి నడిచారు.

"అక్కా, జర పక్కకు రా. నీకొక్కదానికే ఒక మాట చెప్త" అంది విమలమ్మ.

"నాకెందుకు? ప్రభువుకు చెప్పుకో."

అప్పటికే ఇద్దరు ఆమె చేతులు పట్టుకున్నారు. గాజులు రాలేదు. నాట్లేసి నాట్లేసి చేతులు వాచి ఉన్నాయి. సబ్బు రాసినా మణికట్టు దాటలేదు. శాంతమ్మ విసుగు పడి, ఆ చేతుల్ని బట్టలుతికే బండ మీద ఆనించి, రాయితో కొట్టింది. గాజులన్నీ పగిలి రాలాయి. ఒకామె జడలోంచి పువ్వులు లాగేసింది. ఇంకొకామె తెల్లచీర చుట్టింది. విమలమ్మ పెనుగులాడలేదు. అత్త పడుకున్న గది వైపే చూసింది.

"ఇప్పుడు దేవుని బిడ్డ లెక్క ఉన్నవు" అంది శాంతమ్మ, సంతోషంగా.

చెరో రెక్క పట్టుకొని ఆమెను ఇంట్లోకి నడిపించుకొచ్చారు.

చప్పుడుకు కౌసల్యమ్మ లేచి కూర్చుంది. గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్లను చూసింది. కోడలి చీర చూసింది. గాజుపెంకులు గీరి రక్తం చిమ్మిన బోసి చేతులు చూసింది. ఆమె కళ్లు అక్కణ్నుంచి కదల్లేదు.

"నా కొడుకు ఎప్పుడు పోయిండు బిడ్డా?" అంది.

శాంతమ్మ నవ్వేసింది. "అట్ల కాదు అవ్వా. ఇది సంఘం కట్టుబాటు. నీ కొడుకు జైల్ల సల్లగ ఉన్నడు. చెప్పు విమలా, అవ్వ భయపడుతున్నది."

విమలమ్మ మంచం పక్కన కూలబడి, అత్త చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"పట్నంల కాల్పులైన నాడే పోయిండు అత్తమ్మా."