ఆ ఫోటో ముందు మనిషి

"ఇంకా ఆడే ఉండాడు జనూ," అంది శ్రీప్రియ, జనని చెవి దగ్గర.

జనని తల తిప్పి చూసింది. ఎడమవైపు గోడ దగ్గర, ఒక ఫోటోకి ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడి ఉన్నాడు ఆ ముసలాయన. పొద్దున వాషర్‌మెన్‌పేట్‌లోని ఫ్రేములు కట్టే షాపు నుంచి ఫ్రేములన్నీ మూడు చక్రాల బండిలో వేసుకుని మైలాపూరులోని ఈ హాలుకి తెచ్చింది ఆయనే. దించి, చుట్టిన పేపర్లు విప్పి, ఒక్కొక్కటీ గోడకి ఆనించి పెట్టాడు. పనైపోయింది, వెళ్ళమన్నారు. వెళ్ళలేదు. సాయంత్రం ఎగ్జిబిషన్ మొదలై జనం నిండినా అక్కడి నుంచి కదల్లేదు.

జనని, శ్రీప్రియ, ఇంకో ఇద్దరు అమ్మాయిలు కలిసి పెట్టిన మొదటి ఎగ్జిబిషన్ అది. ఎవరూ ఫోటోగ్రఫీ చదువుకున్నవాళ్ళు కాదు. ఆఫీసులకి పోతూ వస్తూ, ఆదివారాలు వీధులు పట్టుకుని తిరుగుతూ డిజిటల్ కెమెరాల్లో దాచుకున్న చెన్నై అంతా ఆ గోడల మీద ఉంది. ఎన్నూరులో కరెంటు ప్లాంటు బూడిద కలిసిన నీళ్ళలో వల విసురుతున్న మనిషి, రైలు కిటికీకి తల ఆనించి నిద్రపోతున్న నర్సు, వాన నీళ్ళలో మునిగిన ఆటోని నెట్టుకుంటూ పోతున్న భార్యాభర్తలు.

కానీ వచ్చినవాళ్ళందరూ అడిగింది జనని తీసిన ఒక ఫోటో గురించే. వాషర్‌మెన్‌పేట్ సందులో, ఇంకా పూర్తిగా తెల్లవారని వెలుగులో, చేతిపంపు పక్కన ఒక నడివయసు ఆడమనిషి పావడ గుండెల మీదికి కట్టుకుని తల మీద చెంబుతో నీళ్ళు పోసుకుంటోంది. ముఖం సగం కనబడుతుంది. నీళ్ళు గాలిలో అలాగే ఆగిపోయి ఉన్నాయి.

"ఎలా దొరికింది మీకు?" అని పేపరు నుంచి వచ్చినావిడ అడిగింది.

"ఎదురింటి మేడ మీద నుంచి జూమ్ చేసి తీశాను మేడమ్. ఆమెకి తెలిసుంటే ఇంత సహజంగా వచ్చేది కాదు."

"అద్భుతం. రేపు మా పేపర్లో దీన్నే పెద్దగా వేస్తాం."

జనని అక్కడికక్కడే ఫోన్‌లో ఆ ఫోటో పంపేసింది. ఇంటికి ఫోన్ చేసి అమ్మకి చెప్పింది. ఇంత సంతోషం తనకి ఎప్పుడూ కలగలేదు.

ముసలాయన నిలబడింది ఆ ఫోటో ముందే.

"రెండుసార్లు జరగమని చెప్పినాను," అంది శ్రీప్రియ. "జరిగినట్టే జరిగి మళ్ళీ ఆడికే వచ్చేస్తా ఉండాడు. ఒకామె అసహ్యంగా ఉందని నాతో చెప్పి, చూడకుండానే పోయింది పా."

"మనవళ్ళుండే వయసులో ఉన్నాడు కదే!"

"వయసుదేముంది? ఛీ."

ఆ చూపు జననికి కొత్త కాదు. కాలేజీ రోజుల్లో రైల్లో, బస్టాపులో, ఆఫీసు లిఫ్టులో ఒంటికి జిడ్డులా అంటుకుని, ఇంటికొచ్చి సబ్బుతో రుద్దుకున్నా వదలని చూపు. కెమెరా కొనుక్కున్న రోజున అనుకుంది, ఇకమీదట చూసేది నేనే అని.

దగ్గరికి వెళ్ళింది. చెమట వాసన, బీడీ వాసన. భుజం మీద తుండుగుడ్డ మాసి నల్లబడి ఉంది.

"పెద్దాయనా, కొంచెం జరగండి. మిగతావాళ్ళు చూడాలి."

ఆయన సగం అడుగు జరిగాడు. వెనక నుంచి ఒక కుర్రాడు ఫోన్ ఎత్తాడు. నొక్కేలోపు ముసలాయన మళ్ళీ యథాస్థానంలోకి వచ్చాడు. కుర్రాడు విసుక్కుంటూ పోయాడు.

"మీకే చెప్తున్నాను!"

జనని పక్కకి వెళ్ళి ఆయన ముఖంలోకి చూసింది. కళ్ళు మూసుకుని ఉన్నాడు. పెదవులు మాత్రం సన్నగా కదులుతున్నాయి.

కళ్ళు మూసుకుని ఏం ఊహించుకుంటున్నాడో తలచుకునేసరికి ఆమె గట్టిగా అరిచేసింది.

"ఛీ! సిగ్గు లేదా నీకు?"

హాల్లో ఉన్నవాళ్ళందరూ ఇటు తిరిగారు.

"ఒక ఆడది నీళ్ళు పోసుకుంటుంటే పొద్దున్నుంచి నిలబడి చూస్తావా? పాపం ఆమెకి తెలియదనే కదా నీ ధైర్యం! నీ ఇంట్లో ఆడవాళ్ళు లేరా?"

ముసలాయన కళ్ళు తెరిచాడు. వాచ్‌మన్ అరుళ్ పరుగెత్తుకొచ్చి ఆయన జబ్బ పట్టుకున్నాడు.

"పేరేంటయ్యా నీది? పోలీసులకి చెప్పాలా?"

"వరదయ్య," అన్నాడు ముసలాయన మెల్లిగా.

"నడు, నడు బయటికి."

ఆయన పెనుగులాడలేదు. ఈడ్చుకుపోతుంటే తలవంచుకుని నడిచాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. "బాగా బుద్ధి చెప్పావమ్మా," అంది ఒక పెద్దావిడ, జనని భుజం తట్టి. జననికి ఎన్నాళ్ళ నుంచో లోపల పేరుకుని ఉన్నది బయటికి ఉమ్మేసినట్టు తేలికగా అనిపించింది.

గుమ్మం దగ్గర వరదయ్య ఆగాడు. వెనక్కి తిరిగి జననికి రెండు చేతులూ జోడించాడు.

"నేను పోతానమ్మా, మళ్ళీ ఈడికి రాను. ఆ పటం మీద ఏదైనా ఒక గుడ్డ కప్పండి."

"ఎందుకు? నువ్వు తప్ప ఇంకెవరూ చూడకూడదా?"

ఆయన తుండుగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు.

"అది నా కూతురమ్మా."