గన్నూ ఘనుడూ

డెల్బర్ట్ కొత్త పిస్తోలు కొన్నాడు. కొన్నవాడు ఊరుకోడు కదా. పొద్దున్నే తన హోటల్‌కి కాఫీకొచ్చిన ప్రతివాడి చేతిలోనూ పెట్టి బరువు చూడమన్నాడు.

ఓక్లహామాలో ఆ ఊళ్ళో అది మర్యాదే. పక్కవాడి పిస్తోలు చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, ముచ్చటగా ఉందని చెప్పి తిరిగివ్వాలి. పసిబిడ్డని ఎత్తుకుని ముద్దుచేసి ఇచ్చినట్టు.

అందరూ ఎత్తుకున్నారు.

కిటికీ పక్కన కూచున్న లైల్ మాత్రం రెండు చేతులూ బల్ల కిందికి లాక్కున్నాడు.

అతను ఊరికి కొత్త. ఆరు నెలలుగా పశువుల దాణా గోదాములో బస్తాలు మోస్తున్నాడు. యాభై ఏళ్ళుంటాయి. రోజూ గ్రేవీ పోసిన రొట్టె తింటాడు, కాఫీ తాగుతాడు, మాట మాత్రం పొదుపు.

"ఏం లైలూ, కరుస్తుందా?" అన్నాడు డెల్బర్ట్. "ఖాళీదేలే. తూటాలు తీసేశా."

"వద్దులే అన్నా. బాగుంది, కనపడుతోందిగా."

జనం నవ్వారు. గన్నున్నవాడే ఘనుడు, లేనివాడు హీనుడు అని డెల్బర్ట్ అక్కడికక్కడే ప్రాస కట్టాడు. పిస్తోలులో తూటాలు నింపి నడుముకి తగిలించుకుని, రోజూ చెప్పే పాఠం అందుకున్నాడు. జడ్జీలు మరీ మెత్తబడిపోయారట. శిక్ష వెయ్యమంటే శిక్షణ ఇస్తున్నారట. బోనెక్కినవాడికి బోనసిచ్చి ఇంటికి పంపుతున్నారట. పదేళ్ళు లోపల ఉండాల్సినవాళ్ళు పదిమందిలో తిరుగుతున్నారట.

లైల్ కాఫీలోకి చూస్తూ తలూపాడు. ఔననో కాదనో తెలీలేదు.

కాసేపటికి అంతా పనులకి వెళ్ళిపోయారు. గోదాముకి ఆ రోజు సెలవు గనక కాఫీకొచ్చినవాళ్ళలో లైల్ ఒక్కడే మిగిలాడు.

అప్పుడు తలుపు తోసుకుని ఒకడొచ్చాడు. ముక్కుదాకా గుడ్డ. చేతిలో రివాల్వరు.

తిన్నగా గల్లా దగ్గరికి నడిచి, అక్కడున్న నోరీన్ ముఖానికి గురిపెట్టాడు. నోరీన్ డెల్బర్ట్ భార్య.

డెల్బర్ట్ చెయ్యి నడుము మీదికి పోయింది. అద్దం ముందు వెయ్యిసార్లు సాధన చేసిన పనే. కాకపోతే అద్దం ఏనాడూ ఎదురు తిరగలేదు. మోచెయ్యి కాఫీ కూజాకి తగిలింది. పిస్తోలు చేజారి, నేలమీద జర్రున పాకి, లైల్ బూటుకి తగిలి ఆగింది.

దొంగ డెల్బర్ట్‌ని చూసి నవ్వాడు. పిస్తోలు ఎక్కడ ఆగిందో చూడలేదు.

"ఇంకో వేషం వేశావో, దీని తల ఎగిరిపోద్ది. గల్లా తెరవమను. మూడు లెక్కపెడతా."

గల్లా సొరుగు బిగుసుకుపోయింది. నోరీన్ లాగుతోంది. అది రావడం లేదు.

"ఒకటి."

లైల్ కిందికి చూశాడు. పిస్తోలుని చూసినట్టు లేదు. గోతిలోకి చూసినట్టుంది.

డెల్బర్ట్ లైల్‌ని కళ్ళతోనే బతిమాలాడు.

"రెండు."

లైల్ కళ్ళు మూసుకున్నాడు. తెరిచాడు. వంగి తీశాడు.

తీసి వెంటనే గురిపెట్టలేదు. రెండడుగులు పక్కకి జరిగాడు. దొంగకి అవతల నోరీన్ లేకుండా, ఒట్టి గోడే ఉండేలా చూసుకుని, అప్పుడు చెయ్యి లేపాడు.

"తమ్ముడూ, ఇటు తిరక్కు. నాకు కాల్చాలని లేదు. నాచేత ఆ పని చేయించకు."

ఆ గొంతులో బెదిరింపు లేదు. వేడుకున్నట్టుంది. దొంగకి అందుకే ఎక్కువ భయం వేసినట్టుంది. రివాల్వరు బల్లమీద పెట్టేశాడు.

డెల్బర్ట్ వాడి చేతులు ఏప్రన్ తాళ్ళతో కట్టాడు. నోరీన్ పోలీసులకి ఫోన్ చేసింది. అప్పుడొచ్చింది ఆమెకి ఏడుపు.

లైల్ పిస్తోలుని డెల్బర్ట్‌కి అప్పజెప్పాడు.

"అన్నా, ఒక్క సాయం చెయ్యి. వీణ్ణి నువ్వే పట్టుకున్నావని చెప్పు. నా పేరెత్తకు."

దూరంగా సైరన్ వినిపించింది. లైల్ వంటగది తలుపులోంచి వెళ్ళిపోయాడు.

డెల్బర్ట్‌కి కోతలు కొయ్యడం అలవాటేగానీ, ఇంకొకడి పంట కోసుకోవడం అలవాటు లేదు. షెరీఫ్ మనుషులకి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. అంతటితో తృప్తి పడలేదు. గోడమీది కెమెరాలో పడ్డదంతా 'మా ఆవిడ ప్రాణదాత' అని పేరు పెట్టి, లైల్ పేరుతో సహా ఊరందరి ఫోన్లకీ పంపాడు. ఊరు రాష్ట్రానికి పంపింది.

మూడోరోజు షెరీఫ్ కింద పనిచేసే డెప్యూటీ రస్ హోటల్‌కొచ్చి లైల్ ఇల్లెక్కడని అడిగాడు.

పతకమే అనుకున్నాడు డెల్బర్ట్. నోరీన్ పీచ్ పళ్ళు పెట్టి కాల్చిన 'పై' వేడివేడిగా కట్టిచ్చింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, దారి చూపిస్తానంటూ తనే జీపెక్కాడు.

లైల్ ఇంటి మెట్లమీద కూచుని ఉన్నాడు. పక్కన సర్దిపెట్టుకున్న చిన్న సంచీ.

"నిన్ననే వస్తారనుకున్నా," అన్నాడు, లేచి రెండు చేతులూ ముందుకి చాపుతూ.

డెప్యూటీ బేడీలు తీశాడు.

ఇదేం అన్యాయమని డెల్బర్ట్ అడ్డం పడ్డాడు. ఆ మనిషి లేకపోతే తన భార్య ఈపాటికి మట్టిలో ఉండేదన్నాడు. పొరపాటున మనిషిని మార్చారేమో చూసుకోమన్నాడు.

"పొరపాటేం లేదు డెల్బర్ట్. వీడియో చూసి మా ఇంట్లో కూడా ఏడ్చారు. కానీ రాష్ట్రమంతా చూసినదాన్ని జడ్జి చూడలేదని ఎట్టా అంటాడు?"

"అన్నా," అన్నాడు లైల్ జీపెక్కుతూ, "ఆవిడ నిద్రపోతోందా సరిగ్గా?"

డెల్బర్ట్ తలూపాడు. పీచ్ పై పొట్లం ఇంకా చేతుల్లోనే ఉంది.

జీపు తలుపు వేసి డెప్యూటీ గొంతు తగ్గించాడు: నాలుగేళ్ళ కిందట పొరుగు కౌంటీలో ఒక కొట్లో దొంగని ఆపబోయి, గురి తప్పి ఆ కొట్టు యజమానురాలినే చంపుకున్న మనిషి లైల్, జన్మలో తుపాకీ ముట్టనన్న ఒక్క మాట మీద జడ్జి జాలిపడి ఆపిన పదేళ్ళ జైలుకి అతను ఇప్పుడు బయల్దేరాడు.