కుడి వెనక చక్రం

కారు కింద మనిషి ఉన్నాడు.

ముందు రెండు కాళ్ళు కనిపించాయి. వాటి పక్కన ఇనుప బ్రష్షు, గ్రీజు డబ్బా, జాకీ.

నర్సుకి పైప్రాణాలు పైనే పోయాయి. పాప చెయ్యి గట్టిగా పట్టుకుని కెవ్వున కేకేసింది. పొద్దున్నే సెల్లారంతా మారుమోగిపోయింది.

వాచ్‌మన్ కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. కాళ్ళు పట్టి బయటికి ఈడ్చాడు.

నెరిసిన గడ్డం. మోచేతుల దాకా తుప్పు.

"వీడే!" అంది నర్సు. "నా వెంటపడుతున్నది వీడే!"

మొదటిసారి సిగ్నల్ దగ్గర కనిపించాడు. కారు అద్దం దబదబా బాదాడు.

"దిగమ్మా! వెనక చక్రం పట్టేస్తోంది, పొగ చూడు!"

అలాంటి మాటలు నమ్మి దిగినవాళ్ళ మెడలో గొలుసులు ఏమయ్యాయో ఆస్పత్రిలో కట్లు కడుతూ ఎన్ని వినలేదు! అద్దం దించితే ఒట్టు. బండిని ముందుకి ఉరికించింది.

మర్నాడు గేటు దగ్గర నిలబడ్డాడు. వాచ్‌మన్ అదిలించి పంపేశాడు. ఆ తర్వాత పాప బడి ఎదురుగా ప్రత్యక్షం!

అతను చూసేది ఆమెని కాదు. వెనక సీట్లో, అద్దానికి ఎవరో ఎప్పుడో అంటించిన పసుపు నక్షత్రం పక్కన, ముక్కు ఆనించి కూర్చునే పాపని.

అదే ఆమెని వణికించింది. తండ్రి లేని పిల్ల. తనకి ఉన్నదల్లా ఆ పిల్లే. అప్పట్నుంచి కంటి మీద కునుకు లేదు.

"ఏం చేస్తున్నావురా అక్కడ?" వాచ్‌మన్ చొక్కా పట్టుకుని ఊపేశాడు.

"పాపని ఆ కారెక్కించకు తల్లీ," అన్నాడు ముసలాడు రొప్పుతూ. "ఎక్కిస్తే పిల్ల దక్కదు."

"చూడు చూడు, బెదిరిస్తున్నాడు!"

చెంప ఛెళ్ళుమంది.

పోలీసులొచ్చి జీపెక్కించారు. ఎక్కుతూ కూడా వెనక్కి తిరిగి కారుకేసే చూశాడు.

కారు తాకాలంటేనే భయమేసింది నర్సుకి. మెకానిక్‌ని పిలిపించింది.

"కుడి వెనక చక్రం నట్లు వదులు చేశాడు తమ్ముడూ! దారిలో ఊడిపోవాలని! బ్రేకులు కూడా కోసేసి ఉంటాడు, అంతా చూడు."

మెకానిక్ మొదట ఎడమ వెనక చక్రం విప్పాడు. తల గోక్కున్నాడు.

"కోయలేదక్కా. బాగు చేశాడు."

"ఏంటీ?"

"చక్రాన్ని పట్టి ఆపేది ఇదిగో, ఈ క్యాలిపర్. తుప్పంతా గీకాడు. పిన్నులకి గ్రీజు రాశాడు. నీళ్ళు దూరకుండా కొత్త రబ్బర్లు తొడిగాడు. ఇంత ఓపిగ్గా నేనైనా చెయ్యను."

ఆమెకి అంతా అయోమయంగా ఉంది.

తర్వాత మెకానిక్ కుడి చక్రం విప్పాడు. క్యాలిపర్ తుప్పుతో బిగుసుకుపోయి ఉంది. బలమంతా పెట్టి లాగినా కదల్లేదు. అది పట్టే ఇనుప డిస్కు వేడికి నీలం తిరిగిపోయింది.

"వానల్లో హ్యాండ్‌బ్రేకు లాగి వదిలేస్తున్నావా అక్కా?"

"లాగొద్దా? ఇక్కడంతా వాలేగా!"

"పాత బండి కదా. తడిగా ఉన్నప్పుడు లాగి పెడితే తుప్పుకి అలాగే పట్టేస్తుంది, మళ్ళీ వదలదు. చక్రం కింద చెక్క దిమ్మ పెట్టుకోవాలి. డిక్కీలో ఒకటి ఉండాలే?"

ఉండేది. కారు కొన్నరోజే చెత్త అని పారేసింది.

"పట్టేసిన బ్రేకుతో పల్లం దిగావనుకో, ఆ వేడికి బ్రేకు ఆయిలు సలసలా కాగుతుంది. ఇక నువ్వు ఎంత తొక్కినా పెడలు నేలకి అంటుకుపోవడమే. బండి ఆగదు."

పాప బడి దారి సగం పల్లమే.

ఇన్నాళ్ళూ తను భయపడింది దేనికి, భయపడాల్సింది దేనికి!

ఆటో ఎక్కి స్టేషన్‌కి పరిగెత్తింది.

"పొద్దున తెచ్చిన పెద్దాయన ఏరీ?"

"విచారించి పంపేశామమ్మా," అన్నాడు కానిస్టేబులు. "మీకు మళ్ళీ కనపడనని, ఊరొదిలి పోతానని చెప్పి వెళ్ళిపోయాడు."

"ఎక్కడికి?"

"చెప్పలేదు. కుడి చక్రం పూర్తి చెయ్యలేకపోయాడట, అది మాత్రం మీకు తప్పకుండా చెప్పమన్నాడు. ఇది కూడా ఇచ్చాడు. ఇక మీ దగ్గరే ఉండాలట."

బల్ల మీద తాళంచెవి పెట్టాడు.

ఆమె కారుదే. అమ్మిన బ్రోకరు పోయిందన్న రెండో తాళంచెవి!

కారు ఎత్తుకుపోవాలనుకుంటే ఆయనకి ఎంతసేపు?

తిప్పి చూసింది. దానికో పసుపు నక్షత్రం అంటించి ఉంది.

"ఆయనెవరు?" అంది.

"బండి ఆయనదేనమ్మా. తుక్కు చేసేయమని ఇచ్చేశాడట. బ్రోకరు రంగేసి మీకు అంటగట్టాడు. అది రోడ్డు మీద కనపడేసరికి, వెనక సీట్లో పాపని చూసేసరికి, ఆయనకి పిచ్చెత్తినంత పనయిందట."

"తుక్కు చెయ్యమన్నారా? ఎందుకు?"

కానిస్టేబులు గొంతు తగ్గించాడు.

"రోజూ చక్రం కింద దిమ్మ పెట్టే మనిషే. ఒక్క వానపూట దిగడానికి బద్ధకించి హ్యాండ్‌బ్రేకు లాగి సరిపెట్టాడట. మర్నాడు బడికి దింపడానికి వెళ్తుంటే, పల్లంలో, ఆ నక్షత్రం పక్కనే కూర్చున్న మనవరాలు పోయింది."